రోజుకూలి లెక్క, మోకాలెత్తు గోడ

కొత్తగ సదువు అయిపోయిన రోజులల్ల మనిషికి ఒక రోగం ఉంటది. కండ్లు రెండూ నెత్తి మీదికెక్కి కూసుంటయి. నాకు ఆ రోగం జర ఎక్కువనే ముదిరింది. కామారెడ్డిల సివిల్ డిప్లొమా చేసి (రెండోసారికి పాసైన, ఆ ముచ్చట మా ఇంట్ల ఎవలు ఎత్తినా నేను లేచి బయటికి పోత) ఎల్లారెడ్డికి తిరిగొచ్చిన కాడికెల్లి, ఎవలింటికి పోయినా గోడ తట్టి చూసుడు, "ప్లాస్టరింగ్ మంచిగ లేదత్తమ్మా" అనుడు. వారం తిరగకముందే మా మేనత్త నాకు చాయ్ పోసుడు బంద్ పెట్టింది.

మా బాపు మస్కట్ల తాపీ పని చేస్తుండె. పద్నాలుగేండ్ల సంది ఆడ మందికి మేడలు కడ్తుండె, మేము మాత్రం ఈడ రేకుల ఇంట్లనే. ఎండకాలం పగటిపూట ఆ రేకుల కింద నడుం వాల్చుడంటే పెంకు మీద రొట్టె తీర్గ కాలుడే. ఆ యేడు ఎట్లనో పైసలు జమైనయి, బాపుకు నలభై రోజుల సెలవు దొరికింది. పక్కజాగల రెండర్రల ఇల్లు అనుకున్నం. ఫోన్ల నేను రొమ్ము ఇరుసుకొని చెప్పిన: "బాపూ, కూలోళ్ల ఎస్టిమేట్ నేనే ఏస్త. నువ్వు రాకముందే మొదలువెట్టిపిస్త. మళ్ల నువ్వు విమానమెక్కే లోపల మన స్లాబ్ కింద సల్లగ పండుకుంటవు. లేకపోతే నా సర్టిఫికెట్ తీసి పొయ్యిల పెట్టు."  "ఒక్క పూట పండుకున్నా సాలు బిడ్డా" అన్నడు బాపు. మా అవ్వ (మేము అమ్మను అవ్వనే అంటం) కొంగుతోటి కండ్లొత్తుకున్నది. నేను కాలిక్యులేటర్ తీసిన.

పిట్లం కాడికెల్లి ఒక మేస్త్రి వచ్చిండు. తలకు తువ్వాల, చెవి మీద బీడీ. జాగ అంతా ఒక్కసారి తిరిగి, "స్లాబ్ దాక గుత్తకియ్యి బిడ్డా, ఇన్ని పైసలు అని ఒక్క మాట అనుకుందం, నీకు తలనొప్పి ఉండది" అన్నడు. నేను నవ్విన. నా పుస్తకంల ఒక మేస్త్రి రోజుకు ఎన్ని ఇటుకలు పేరుస్తడో అచ్చేసి ఉన్నది. గోడకు పట్టే ఇటుకలను దాంతోటి భాగిస్తే దినాలొస్తయి, దినాలను కూలితోటి గుణిస్తే గుత్త కన్న నలభై వేలు తక్కువ! "గుత్త వద్దు, రోజుకూలే" అన్న. మేస్త్రి బీడీ చెవి మీదికెల్లి తీసి నోట్ల పెట్టుకొని, "నీ ఇష్టం తల్లీ, మాకైతే రోజుకూలే మంచిది" అన్నడు. ఆయన మొఖంల అంత సంతోషం చూసిన్నాడన్న నాకు డౌట్ రావాలె. రాలే.

మొదటి దినమే నేను ప్లాస్టిక్ కుర్చీ ఏసుకొని, గొడుగు పట్టుకొని, ఒళ్లె నోట్‌బుక్ పెట్టుకొని కూసున్న. ఒక్కో ఇటుకకు ఒక్కో గీత. మేస్త్రితోటి సరిహద్దు కాడి జుక్కల్ దిక్కు కూలీలు ముగ్గురు వచ్చిండ్రు, వాళ్లల్ల వాళ్లు మరాఠిల మాట్లాడుకుంటరు, నా దిక్కు చూస్తరు, నవ్వుతరు. నాకు మరాఠి రాదు గని, నవ్వు ఏ భాషల నవ్వినా తెలుస్తది కద. సాయంత్రం గీతలు లెక్కపెడితే పుస్తకంల ఉన్నదాంట్ల సగం సుత లేవు. మేస్త్రిని నిలవెట్టి అడిగిన. "ఆ పుస్తకం రాసినాయన ఎప్పుడన్న ఎండల నిలవడి గోడ కట్టిండా బిడ్డా?" అన్నడు. నాకు రేషమొచ్చింది. "పుస్తకంల ఉన్నట్టే కట్టాలె, అంతే!" అని ఒర్రిన.

గా మాట అనకపోతే బాగుండు. తెల్లారి నుంచి మేస్త్రి అచ్చంగ పుస్తకంల ఉన్నట్టే మొదలువెట్టిండు. ఇటుకలు ఒక్కొక్కటి నీళ్లల్ల నానాలె, నానేదాక వాళ్లు నీడకు కూసోవాలె. వరుస వరుసకు దారం కట్టాలె, గోడ నిలువుగ లేస్తున్నదా అని గుండు ఏలాడేసి చూడాలె. ప్రతి ఇటుక చేతిల పట్టుకొని, "మేడమ్, గిది నడుస్తదా?" అని అడుగుడు. నేను కుర్చీల నుంచి లేచి పోయి, చూసి, తలకాయ ఊపుడు. (ఒక ఇటుకను వద్దన్న సుత. ఎందుకన్ననో ఇప్పటికీ తెల్వది, ఊకె అన్నిటికీ ఊపితే విలువ ఉండదని కావచ్చు.) అవ్వ గడపల నిలవడి చూసి చూసి, "ఓ పిల్లా, వాళ్లకు కూలిచ్చుకుంట ఇటుకలకు పెండ్లిచూపులు చేస్తున్నవా ఏందే?" అన్నది. ఇరవై దినాలు గడిచినయి. పైసలు సగం ఒడిసినయి. గోడ నా మోకాళ్లు దాటి నాలుగు వరుసలు లేచింది.

బాపుకు ఏమని చెప్పాలె? ఫోటో పెట్టుమంటే నేల మీద బోర్లపండుకొని, ఫోన్ కిందికెల్లి పైకి పట్టి తీసిన. ఏం చెప్పాలె, కోటగోడ లెక్క వచ్చింది! గర్వంగ పంపిన. బాపు జవాబు పంపిండు: "గోడ మంచిగున్నది బిడ్డా. గని దాని ఎనుక నిలవడ్డ మేక మెడకాయ గోడ మీదికెల్లి కనవడుతున్నది. మనూళ్ల మేకలు గంత పెద్దగయినయా?" ఆ మేక మీద నాకొచ్చిన కోపం ఇంత అంత కాదు.

బాపు దిగిండు. గోడ చూసిండు, కుర్చీ చూసిండు, గీతల నోట్‌బుక్ సుత తిరగేసిండు. తిడితే బాగుండు, తిట్టలే. నేనే ఏడుపు మొఖం పెట్టి, "వీళ్లు పని దొంగలు బాపూ" అన్న. బాపు పకపక నవ్విండు. "నేను ఆడ చేసేది రోజుకూలే కదనే పిచ్చిదాన. మా సూపర్‌వైజర్ సుత నీ లెక్కనే కుర్చీ ఏసుకొని కూసుంటడు. ఆయన కూసున్న దినం మేము ఎంత పని చేస్తమో నాకు ఎరుక లేదా?" అన్నడు.  పద్నాలుగేండ్లల్ల నేను ఒక్కసారి సుత అనుకోలే, ఎక్కన్నో ఎవలో మా బాపు ఎదురుంగ కుర్చీ ఏసుకొని గీతలు కొడ్తున్నరని. సిగ్గుతోటి సచ్చిన.

ఆ పొద్దే బాపు మేస్త్రితోటి చాయ్ తాగిండు, మిగిలిన పని గుత్తకిచ్చిండు. స్లాబ్ పడ్డనాడు యాట కోస్తమన్నడు. ఇగ చూడాలె! నేను ఎన్నడు చూడని మనుషులు దిగినట్టు పని నడిచింది. బాపు సుత లుంగీ ఎగ్గట్టి తాపీ పట్టిండు. పన్నెండు దినాలల్ల గోడలు లేచినయి, ఇంకో మూడు వారాలల్ల స్లాబ్‌ను మోసే కర్రలు, పలకలు నిలవెట్టి సెంట్రింగ్ చేసిండ్రు, ఇనుప సలాకలు కట్టిండ్రు, బాపు పయనం ఇంక నాలుగు రోజులున్నదనంగ స్లాబ్ పడ్డది. యాట కూర తింటుంటే నేను మళ్ల రొమ్ము ఇరిసిన: "చూసినవా బాపూ, మాటంటే మాటే! రేపు సాప ఏస్త." మేస్త్రి బొక్క చీకుడు ఆపి నా దిక్కు చూసిండు. "ఇంజినీరమ్మా, స్లాబ్ కింద కర్రలు ఎన్ని దినాలుండాలె?" అన్నడు.

నేను ముద్ద పళ్లెంల పెట్టి వేళ్ల మీద లెక్కపెట్టిన. స్లాబ్ గట్టిపడేదాక, తక్కువల తక్కువ రెండు వారాలు. పరీక్షల రాసిన జవాబే! ఇటుకలు లెక్కపెట్టిన, చాయ్‌లు లెక్కపెట్టిన, ఈ దినాలు ఒక్కటే ఎస్టిమేట్ల రాయలే. అర్రల కాలు పెట్ట సందు లేకుంట కర్రలే కర్రలు. ఇంటెనకకు పోయి ఏడ్చిన.

పయనం ముందటి దినం పగటీలి, బాపు కనవడలే. మేస్త్రి ఒర్రుడు ఇనవడ్డది: "ఓ అన్నా, బయటికి రా, నీకేమన్న పిచ్చా!" ఉరికిపోయి చూస్తే, బాపు కర్రల నడుమ సాప ఏసి, కాళ్లు ఒక దిక్కు, తలకాయ ఒక దిక్కు మెలిపెట్టి పండుకున్నడు. స్లాబ్ గట్టిపడాలని పైన నింపిన నీళ్లు పలకల సందులకెల్లి బొట్టు బొట్టు మొఖం మీద పడుతున్నయి. గురక వెడుతున్నడు. లేపితే మొఖం తుడుసుకొని, "సల్లగున్నదే బిడ్డా" అన్నడు.

ఇప్పుడు కామారెడ్డిల నాకు నా సొంత ఆఫీసుంది, ప్లాన్లు గీస్త, ఎస్టిమేట్లు రాస్త, గుత్త రేటు ఎంతో ఎవలన్నా అడిగితే నోటికే చెప్త. వచ్చినోళ్లు అడుగుకు ఎంతయితదని అడుగుతరు. నేను మొదలు ఒక్కటే అడుగుత, "మీ ఇంట్ల ఎవలు మళ్ల విమానమెక్కి పోవాలె, ఎప్పుడు?" అని. ఒక్కలన్న ఇదేం ప్రశ్న అంటరేమో అని చూస్త. అనరు. తారీఖు చెప్తరు.