రాహుకాలంలో కదిలిన అంబాసిడర్

ఈ ఉదయం మా వీధిలో ఎవరో కొత్త కారు కొన్నారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, ఇంజను చేసినవాడి చదువు కన్నా నిమ్మపులుసునే ఎక్కువ నమ్మి బయలుదేరారు. ఇదివరకైతే గేటు దగ్గరే వాదనకు దిగేవాణ్ణి. ఇవాళ మాట్లాడకుండా లోపలికి వచ్చేశాను. కారణం మా అత్త, మేనమామ భార్య. పోయిన చలికాలం ఒక ఆదివారం ఆమెను మైపాడు తీరానికి తీసుకువెళ్లాను. పాత కార్ల సంఘం వాళ్లు అక్కడ బండ్లన్నీ ప్రదర్శనకు పెట్టారు. వాటిలో మా మేనమామ నడిపిన అంబాసిడర్ కూడా ఉందని తెలిసి, ఒక్కసారి అందులో కూర్చుని ఆయన వేళకు బయలుదేరాలని అత్త అడిగింది.

ఆయన వేళ అంటే రాహుకాలం. మేనమామ నాస్తికుడు, నాకు వాదించడం నేర్పినవాడు. పంచాంగం ఆయనా రోజూ చూసేవాడు, సరిగ్గా రాహుకాలంలోనే కారు తీయడానికి. సభకైనా పెళ్లికైనా అంతే. ముందే సిద్ధమైతే కారు వీధిలో నిలిపి, ఆ వేళ వచ్చేదాకా పేపరు చదువుకునేవాడు. వెనక సీట్లో పిల్లలం చెమటలు కక్కుతూ హేతువాదాన్ని తిట్టుకునేవాళ్లం. ఒకరోజు ఉదయం బిట్రగుంట దాటాక ఆయనకు గుండె పట్టేసింది. బండిని రోడ్డు పక్కకు తీసి, చేతిబ్రేకు లాగి, స్టీరింగు మీద వాలిపోయాడు. పక్కన అత్త ఒక్కతే ఉంది. రాహువే మింగాడని ఊరు తీర్పు చెప్పింది. సభల్లో ఆయన చేతిలో ఓడినవాళ్లు పరామర్శకు వచ్చి గెలిచి వెళ్లారు. రాహుకాలం మనిషిని చంపదని నేను వ్యాసాల మీద వ్యాసాలు రాశాను. అత్త అన్నీ చదివి, ఏమీ అనకుండా మడిచి పెట్టేది. ఆ కారును కొనడానికి మా వాళ్లెవరూ ముందుకు రాలేదు. చివరికి నెల్లూరు ముస్లిం వ్యాపారి ఒకాయన కొన్నాడు.

ఇప్పుడది ఆయన కొడుకు చేతిలో ఉంది. మైపాడులో ఉప్పుగాలికి భయపడి, పసిపిల్లల మూతులు తుడిచినట్టు అందరూ బంపర్లు తుడుస్తున్నారు. కార్లన్నీ వరసగా నెల్లూరు దాకా వెళ్లాలి. నాలుగున్నరకు రాహుకాలం వస్తుందని సంఘం పెద్దలు నాలుగింటికే కదలమన్నారు. వ్యాపారి కొడుకు అత్తను ముందు సీట్లో కూర్చోబెట్టి తాళంచెవి తిప్పబోయాడు.

“నాలుగున్నర దాటినాక పోదాం అబ్బయ్యా” అంది అత్త.

అతను జంకాడు. “మాకు రాహుకాలం ఏందిలేమ్మా. కానీ ఈ బండి సంగతి అందరికీ తెలుసు గదా. దోవలో మీకేమన్నా అయితే నన్నంటారు.”

మిగతా కార్లు ఒక్కొక్కటే ఇసుక లేపుకుంటూ వెళ్లిపోయాయి. అత్త బానెట్టు వైపే చూస్తూ చెప్పింది. “ఆ పొద్దు మేము రాహుకాలంలో బయల్దేరలా. మా చెల్లెలి గృహప్రవేశానికి పోతా ఉండాం. ఈ ఒక్కసారికి మంచి గడియలో పోదామని నేనే బతిమాలినా. నవ్వి, నీకోసరం సరేలే అన్నాడు.”

వెనక సీట్లోంచి ముందుకు వంగాను. ఈ ఒక్క ముక్క చేతిలో ఉంటే ఊరందరి నోళ్లూ మూయించేవాణ్ణి. ఎందుకు చెప్పలేదని అడిగాను.

“ఏమని చెప్పేది? పెండ్లాం మాటకి పంచాంగం చూసినాడనా? రాహువు మింగినాడని అననీ. మాట మీద నిలబడే పోయినాడని గూడా అనుకున్నారు గదా. నేను పోయినాక నువ్వు రాసుకో.”

అతను దిగి, బంపరుకు కట్టిన నిమ్మకాయ మిరపకాయల దండ విప్పాడు. పారేయలేదు, జేబులో వేసుకున్నాడు. నాలుగున్నర దాటాక అంబాసిడర్ కదిలింది. నెల్లూరు వచ్చేదాకా అత్త ఎడమ చెయ్యి కిటికీ మీద, కుడి చెయ్యి చేతిబ్రేకు పిడికి దగ్గరగా ఉంచుకుని కూర్చుంది. దిగాక, ఇక ఆయనకు తన బాకీ తీరింది అన్నట్టు తలుపు మీద ఒకసారి తట్టింది.

ఈ వేసవిలో ఆమె వెళ్లిపోయింది. కాలానికి మంచీ చెడూ లేవని ఇప్పటికీ వాదిస్తాను. అయితే భార్య కోసం ఒక మొండివాడు మార్చుకున్న ఆ ఒక్క ఉదయాన్ని మిగతా ఉదయాల్లో కలపలేకపోతున్నాను. అత్త ఏ వేళకు పోయిందో మాత్రం, మా ఇంట్లో ఎవరం పంచాంగం తీసి చూడలేదు.