మీట జరిపింది నా గోరే

బ్లాంక్ డిస్క్. అరచేతిలో ఇమిడే ఆ యంత్రం మీద, వేలెడంత తెరలో, ఆ రెండు ఇంగ్లీషు మాటలు కుడి నుంచి ఎడమకు పాకుతూ పోయాయి. మళ్లీ వచ్చాయి. మళ్లీ పోయాయి. అప్పటికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. నంద్యాలలో మా అద్దె ఇంట్లో, ముందు గదిలో, కంప్యూటరు దగ్గర కూర్చుని ఉన్నాను. నా చేతిలోంచి ఏదో జారినట్టయింది. ఆ జారింది ఆరేళ్లయినా ఇంకా కింద పడలేదు. దాన్ని పట్టుకునే వండాను, పాపకు జడలు వేశాను, గుడికి వెళ్లి మోకరించాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పగలిగేదాన్నయితే ఎప్పుడో చెప్పేదాన్ని.

ఎస్తేరు నా ఆడబిడ్డ. మావారి చెల్లెలు. మస్కట్‌లో నర్సుగా ఉండేది. సెలవుకు పుట్టింటికి, ఆళ్లగడ్డకు వచ్చినప్పుడు అక్కడి మా గుడిలో పిల్లలకు క్రిస్మసు పాటలు నేర్పేది. మా దగ్గర పాట కాగితం చూసి నేర్చుకోరు, విని నేర్చుకుంటారు. ఒకరు ఒక చరణం పాడతారు, పిల్లలు తిరిగి పాడతారు, తప్పితే మళ్లీ మొదటికి. చివరిసారి వచ్చినప్పుడు ఆమెకు క్రిస్మసు దాకా సెలవు లేదు. అందుకని మస్కట్ నుంచి తెచ్చుకున్న మినీడిస్క్ ప్లేయరుకు చిన్న మైకు తగిలించి, పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టి, ఆ నేర్పడమంతా రికార్డు చేసింది. తాను లేకపోయినా డిస్కు వింటూ పిల్లలు పాడుకోవాలని.

వెళ్తూ వెళ్తూ ఆ ప్లేయరు నాకిచ్చింది. నేను డిగ్రీ తర్వాత కంప్యూటరు కోర్సు చేశాను, మా ఇంట్లో సెకండ్ హ్యాండ్ కంప్యూటరు ఉంది, అందుకని. "పాపకు పాటలు ఎక్కించుకో వదినా. వచ్చినప్పుడు తీసుకుంటాలే" అంది. మూడు డిస్కులు ఇచ్చింది. తన రికార్డింగు ఉన్న డిస్కు అంచున చిటికెన గోరంత మీట ఉంటే దాన్ని పక్కకు జరిపి నాకు చూపించింది. "ఇది ఇట్లా ఉంటే ఎవురూ చెరపలేరు. నువ్వు కూడా."

నువ్వు కూడా. నవ్వుతూనే అంది.

మార్చిలో మస్కట్‌లో జ్వరం వచ్చింది ఆమెకు. ఎనిమిది రోజులు. శవపెట్టె ఆళ్లగడ్డకు వచ్చింది. తెరవనివ్వలేదు.

ఆ తర్వాత మా అత్త రెండు వారాలకొకసారి ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి నంద్యాల వచ్చేది. శనివారం నాలుగింటికి గుమ్మంలో చెప్పులు విడుస్తూనే బస్సును తిట్టేది, పాపకు బొరుగుల పొట్లం ఇచ్చేది, కుర్చీ లాక్కుని కూర్చునేది. "పెట్టు మా" అనేది. ప్లేయరు మీది బుడిపెలు ఆమెకు కనపడేవి కావు. నేనే పెట్టేదాన్ని. ఇయర్‌ఫోను ఒకటి ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో.

అది పాటల డిస్కు అంటే మీకు అర్థం కాదు. అందులో పాట తక్కువ, ఎస్తేరు ఎక్కువ. "నోరు తెరిచి పాడండ్రా, ఉగ్గు తాగుతాండారా?" అని అరుస్తుంది. పిల్లలు నవ్వుతారు. నవ్వు తగ్గుతుంది. ఎస్తేరు మళ్లీ పాట ఎత్తుకుంటుంది. నాలుగో ట్రాకులో ఎక్కడో లోపలి నుంచి మా అత్త గొంతే వినపడుతుంది. "ఎస్తేరూ, సంగటి చల్లారిపోతాంది, రావే!" ఎస్తేరు పాట ఆపకుండానే "వస్తాండా మా" అంటుంది. అక్కడికి వచ్చేసరికి మా అత్త ప్రతిసారీ నవ్వేది. "చూడు, నేను పిలిస్తే పలుకుతాంది" అనేది. తర్వాత కొంగుతో ముఖం అదుముకునేది.

నేను కూడా ఏడ్చేదాన్ని. మొదట్లో. ఇది రాయడానికి చేయి రావడం లేదు, కానీ రాయకపోతే మిగతాదంతా కూడా అబద్ధమే అవుతుంది. కొన్ని నెలలకు నాకు ఆ శనివారాలంటే బరువుగా ఉండేది. ఇంట్లో మూడేళ్ల పిల్ల ఉంది, దానికి ఊరికే జ్వరాలు వచ్చేవి, జ్వరం అనే మాట వింటేనే నాకు ఎస్తేరు గుర్తొచ్చేది. ఆ గొంతు వినపడ్డ రోజు రాత్రి నేను పాప నుదురు పదిసార్లు ముట్టి చూసేదాన్ని. ఇంకెన్నాళ్లు, అనుకున్నాను. ఒక్కసారైనా అనుకున్నాను.

ఆ శనివారం పాప ఒళ్లు వెచ్చగా ఉంది. అన్నం ముట్టడం లేదు. చెవిలో పాటలుంటే నాలుగు ముద్దలు తినేది. మిగతా రెండు డిస్కుల్లో ఒకదాని రేకు వంగిపోయింది, ఇంకోదాన్ని యంత్రం తీసుకోవడం మానేసింది. నంద్యాలలో ఆ డిస్కులు దొరికేవి కావు. స్టేషన్ రోడ్డులో అడిగితే, "అదేందక్కా, క్యాసెట్ తీస్కపో" అని నవ్వేవాళ్లు. మిగిలింది ఎస్తేరు డిస్కు.

కంప్యూటరు తెర మీద ఎడమవైపు కంప్యూటరులోని పాటలు, కుడివైపు డిస్కులోనివి కనిపించేవి. నేను ఎక్కించిన పాటలను బాణం గుర్తు నొక్కితే కంప్యూటరు వెనక్కి తీసుకునేది. అన్నీ అంతే అనుకున్నాను. ఎస్తేరు గొంతును కంప్యూటరులోకి తీసుకుంటాను, భద్రంగా ఉంటుంది, డిస్కు ఖాళీ అయితే పాపకు పాటలు ఎక్కిస్తాను, అత్త వచ్చేలోగా మళ్లీ ఎస్తేరును డిస్కులోకి పంపిస్తాను. ఎంత తెలివిగా అనిపించిందో. కంప్యూటరు నుంచి వెళ్లినదే కంప్యూటరుకు తిరిగి వస్తుందని, మైకుతో పట్టినది ఆ దారిన రాదని నాకు తెలియదు.

కానీ తెలియకపోవడం దగ్గర నేను దాక్కోలేను. బాణం నొక్కాను. ఏదో ఇంగ్లీషు వాక్యం వచ్చింది. చదవకుండానే ఓకే అన్నాను. వెనకాల పాప ఏడుస్తోంది. డిస్కులోనివన్నీ చెరిపెయ్యమన్నాను. ఒప్పుకోలేదు. డిస్కుకు తాళం ఉందన్నది. అప్పుడు డిస్కు బయటికి తీశాను. మీట ఉంది. ఎస్తేరు జరిపిన చోటే ఉంది. గోరు పెట్టి జరిపాను. గట్టిగా ఉండి, గోరు చివర విరిగింది. మళ్లీ లోపల పెట్టాను. అన్నీ చెరిపెయ్యాలా, ఇక తిరిగి రావు, అని అడిగింది. ఆ వాక్యం మొత్తం చదివాను. చదివి, అవును నొక్కాను.

ఎందుకు చదివీ నొక్కాను? తొందరా? పాప ఏడుపా? ఇంకెన్నాళ్లు అనుకున్నానే, ఆ మాటా? నా వేలికి ఏం తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు.

బ్లాంక్ డిస్క్. ఎడమవైపు వెతికాను. ఎస్తేరు లేదు. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాను. నాలుగుసార్లు అలాగే చేశాను. మూడు గంటల యాభై నిమిషాలకు ప్లేయరు తుడిచి అలమారలో దాని చోట దాన్ని పెట్టాను, ఏమీ జరగనట్టు.

నాలుగింటికి అత్త వచ్చింది. బస్సును తిట్టింది. పాపకు బొరుగులు ఇచ్చింది. జ్వరం తగ్గిందేమో, పాప గోడ పక్కన కూర్చుని ఒక్కో బొరుగు ఏరుకుని తింటోంది.

"పెట్టు మా."

పెట్టాను. బుడిపె నొక్కినట్టు నటించాను. ఆమె కళ్లు మూసుకుని చెవి దగ్గర చేయి పెట్టుకుంది. కాసేపు అలాగే ఉంది.

"ఏందీ, సప్పుడే రాలే?"

"చూస్తాను అత్తా."

"వైరు గాన లూజయిందేమో చూడు. బస్సులో నా ఎముకలే లూజయినాయి, దానిదేముంది."

నేను చూస్తున్నట్టు తిప్పాను. తెర మీద ఆ రెండు మాటలు పాకుతున్నాయి. ఆమెకు ఇంగ్లీషు రాదు. చెడిపోయింది అంటే సరిపోయేది. యంత్రాలు చెడిపోతాయి. కానీ చెడిపోయిందంటే బాగు చేయించమంటుంది, మావారు షాపుకు తీసుకెళ్తారు, వాళ్లు డిస్కును ఎవరో చెరిపారంటారు. ఇదంతా ఒక్క ఊపిరిలో ఆలోచించాను. భయపడేవాళ్లకు లెక్కలు ఎంత త్వరగా వస్తాయో.

"పాప నొక్కినట్టుంది అత్తా. మొత్తం పోయింది."

ఆమె నన్ను చూడలేదు. పాపను చూసింది. తిడుతుందనుకున్నాను. కానీ చేతులు చాపింది. "రావే ఈడికి." పాప వెళ్లి ఒళ్లో కూర్చుంది. "బిడ్డకేం తెలుసు మా" అంది నాతో. నన్ను ఓదార్చింది! తర్వాత పాప గొంతు మీద వేలు పెట్టి, "నా బిడ్డ గొంతు మింగినావు గదే. ఇంక నువ్వే పాడాల నాకు" అంది. నవ్వడానికి ప్రయత్నించింది. పాప ఆమె నోట్లో ఒక బొరుగు పెట్టింది.

క్షమాపణ ఆ రోజే జరిగిపోయింది. చేయని దానికి దొరికింది. చేసినదానికి ఇంక ఎవరిస్తారు?

ఆ మాట మా ఇంట్లో వేళాకోళమై నిలిచింది. ప్రతి క్రిస్మసుకు ఆళ్లగడ్డలో ఎవరో ఒకరు అంటారు, మేనత్త గొంతు మింగిందిదే, పాడించండి దీన్తో అని. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను. పాప నిలబడుతుంది, నోరు తెరుస్తుంది, గొంతు రాదు. సిగ్గు అనుకున్నారు. నాకు తెలుసు సిగ్గు కాదని. అది టీవీ రిమోట్ ముట్టదు. ఫోను మోగితే తెచ్చి ఇవ్వదు, నన్ను పిలుస్తుంది. బడిలో కంప్యూటరు క్లాసులో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుందని టీచరు చెప్పింది. నేను "మెల్లగా అలవాటవుతుంది" అన్నాను.

మూడు వారాల కింద మా అత్త పోయింది. ఆళ్లగడ్డలో, నిద్రలోనే. పెట్టె మూసే ముందు పిల్లలను చివరి చూపుకు పంపించారు. నాలుగేళ్ల మా చిన్నోడు పువ్వు పెట్టి వచ్చాడు. పాప రాలేదు. వంగి, మా అత్త చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెబుతోంది. నేను వెనకాలే ఉన్నాను. విన్నాను.

"జేజీ, నేను తెలీక నొక్కినా."

తొమ్మిదేళ్ల పిల్ల. దానికి ఆ రోజు గుర్తే లేదు. నేను చెప్పిన అబద్ధమే దానికి గుర్తు.

అప్పుడే చెప్పాల్సింది. అక్కడే, ఆ పెట్టె దగ్గర, ఇద్దరూ ఉండగా. చెప్పలేదు. దాని భుజం పట్టుకుని పక్కకు తీసుకొచ్చాను. మూడు వారాలు మళ్లీ మోశాను. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక అలమారలోంచి ఆ డిస్కు తీసి ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. మీట నేను జరిపిన చోటే ఉంది. మూడేళ్ల పిల్ల గోరుకు అది కదిలేది కాదు. ఎవరైనా ఒక్కసారి చూసి ఉంటే తెలిసిపోయేది. ఎవరూ చూడలేదు. నన్ను అంత నమ్మారు.

తెల్లవారాక ఈ నాలుగు మాటలు చేరుస్తున్నాను.

బడికి తయారవుతుంటే ఇద్దరినీ మంచం మీద కూర్చోబెట్టాను. చిన్నోడికి అర్థం కాదని తెలుసు. అయినా కూర్చోబెట్టాను, ఈ కథ రేపు వాడి నోట కూడా తప్పుగా రాకూడదని. డిస్కు చూపించాను. మావారు స్నానం నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. ఆయన విన్నారు.

"మీ ఎస్తేరత్త గొంతు చెరిపింది నేను. నువ్వు కాదు" అన్నాను పాపతో. "నేను చెరిపి, నువ్వు నొక్కినావని జేజికి అబద్ధం చెప్పినా."

అది డిస్కు వైపు చూసింది. ముట్టలేదు.

"జేజికి చెప్పినావా మా, మళ్లా?"

"లేదు."

"నేను చెప్పినాను గదా, నేనే అని."

"విన్నా."

దగ్గరికి తీసుకోబోతే వెనక్కి జరిగింది.

"మరి ఆ పొద్దు నేనేం చేస్తాంటి?"

"ఏం చేయలే" అన్నాను. "గోడ పక్కన కూచోని బొరుగులు తింటాంటివి. జేజి నోట్లో ఒకటి పెట్టినావు. అంతే."