మంత్రిగారి సభకు వెళ్లిన తెర

తుళ్లూరు వైపు రాజధాని పనులు మొదలైన రోజుల్లో నన్ను ఆ ప్రాంతపు బోధనాసుపత్రి ఒకదానికి, మూత్రవ్యవస్థ శస్త్రచికిత్స విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్‌గా బదిలీ చేశారు. కాలేజీ వాదన పోటీల్లో అబ్బిన ప్రశ్నించే అలవాటు కూడా నాతోపాటే బదిలీ అయింది.

మొదటి వారమే సత్తెనపల్లి దగ్గరి మిర్చి దళారి వెంకటేశ్వర్లు, భార్య సామ్రాజ్యంతో కలిసి ఓపీకి వచ్చాడు. ఏం బాధ అంటే నోరు విప్పలేదు. ఎన్నాళ్లనుంచి అంటే, భుజం మీది తువ్వాలు నా చేతిపై కప్పి, దాని చాటున నాలుగు వేళ్లు నొక్కాడు. బేరగాళ్లు పక్కవాడికి తెలియకుండా ధర చెప్పుకొనే పద్ధతి అది.

"గేదెని బేరమాడుతున్నావా ఏంటయ్యా? డాక్టరుగారూ, ఆయనకి అంగం మీద పుండండీ. నాలుగు నెలలైంది, మానట్లేదు" అంది సామ్రాజ్యం, గదిలో ఉన్న అందరికీ వినబడేలా.

పురుషాంగ క్యాన్సర్ అరుదు. తొలిదశలో మామూలు పుండులాగే కనబడుతుంది. అంగం కొసకే పరిమితమైతే అంతవరకే తీసేయవచ్చు. ఆలస్యమైతే అంగమంతా పోవచ్చు. గజ్జల్లోని గ్రంథులకు పాకితే ప్రాణానికే ముప్పు. వెంకటేశ్వర్లుకు అప్పటికే ముగ్గురు వైద్యులు పూతమందులు రాశారు. పుండును చూసినవారు ఒక్కరూ లేరు. చూడని పుండుకు అంత నమ్మకంగా మందు రాయాలంటే ఎంత చదువు కావాలో నాకు అంతుబట్టలేదు.

బల్ల ఎక్కమన్నాను.

"ఇంతమంది ముందా? చంపినా విప్పనండీ" అన్నాడు వెంకటేశ్వర్లు.

బల్లకు అడ్డుతెర ఉండాలి. దాన్ని ఆవరణలోని సభావేదిక వెనక కట్టడానికి పట్టుకెళ్లారని నర్సు చెప్పింది. అది క్యాన్సర్ అవగాహన సభ. సూపరింటెండెంట్‌ను అడిగితే, మంత్రిగారు వెళ్లగానే పంపుతామన్నారు. మంత్రిగారు ఇంకా రానేలేదు.

నేనే వెళ్లి తెర విప్పి తెచ్చాను. 'సిగ్గు వీడి పరీక్షకు రండి' అనే బ్యానరు దానికి కుట్టే ఉంది.

"చదువుకోవయ్యా, నీకోసమే రాశారు" అంది సామ్రాజ్యం. దాని వెనక వెంకటేశ్వర్లు పంచె విప్పాడు.

ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరేనని తేలింది. గజ్జలకు పాకలేదు. చివరిభాగం మాత్రమే తీశాం. తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు, నిలబడే మూత్రం పోయగలుగుతున్నానని అతనే చెప్పాడు. ఈసారి నోటితోనే.

ఆసుపత్రి ఆస్తిని అనుమతి లేకుండా తరలించినందుకు నాకు మెమో ఇచ్చారు. తరలించలేదని, తిరిగి తెచ్చానని సంజాయిషీ రాశాను.

రోగి సిగ్గుకు నాలుగు గజాల గుడ్డ చాలునని ఆ రోజు తెలుసుకున్నాను. చూడడానికి సిగ్గుపడే వైద్యులకు ఏం కావాలో మాత్రం పదవీ విరమణ నాటికీ తేలలేదు.