నల్ల కొంగ గూడు తెరుచుకోని ఉదయం

ఎస్టోనియాలోని మా వోరు పట్టణంలో ఫోన్ మోగిందంటే ఎవరో పోయారనే అనుకుంటాం. ఊరికే పలకరించడానికి ఫోన్ చేసే అలవాటు మాకు లేదు. అందులోనూ మా వీధిలోని హెల్వె మరీ మొండిది. పాల కేంద్రంలో పని మానుకున్నాక ఆమెకు కాలక్షేపం ఒక్కటే. అడవిలో నల్ల కొంగ గూటి దగ్గర పెట్టిన కెమెరాను కంప్యూటర్‌లో చూస్తూ, కింద జనం రాసుకునే కబుర్లు చదువుతూ కాఫీ తాగేది.

అక్కడ ఎవరో మారుపేరుతో రోజూ "లేచావా, కొంగమ్మా" అని రాసేవారు. కొంగను అలా పిలిచింది హెల్వె వాళ్లమ్మ ఒక్కతే. రాస్తున్నది హాప్సలు ఊళ్లో ఉండే అక్క సల్మే అని హెల్వెకు మొదటి రోజే అర్థమైంది. అమ్మ ప్రాణంగా చూసుకున్న పొగతో కాచే ఆవిరి స్నానాల గది హెల్వె రాజేసిన నిప్పుకే తగలబడింది. అప్పటి నుంచి అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు. అయినా హెల్వె తన మారుపేరుతో "ఇక్కడ వాన" అని బదులు రాసేది. ఇద్దరూ ఎరగనట్టే ఉండేవారు. అదేం పంతమో!

ఒక ఉదయం సల్మే "ఇవాళ గుండె పరీక్షకు వెళ్తున్నా, ఏ సంగతీ రేపు రాస్తా" అని రాసింది. మర్నాడు కంప్యూటర్‌లో గూడు తెరుచుకోలేదు. తెల్లటి తెర, అంతే. ప్రభుత్వ సైట్లను పడగొట్టాలని ఎవరో లక్షల యంత్రాల చేత ఒక్కసారిగా తలుపు కొట్టిస్తున్నారనీ, ఆ తోపులాటలో అసలు మనుషులకు దారి దొరకడం లేదనీ రేడియో చెప్పింది. కొంగ కెమెరా కూడా ఆ సైట్లలోనే ఉండేది.

"కొంగ ఏం పాపం చేసిందిరా మీకు!" అని హెల్వె రేడియోను తిట్టింది.

ఆ మర్నాడూ అంతే. అక్క ఉందో లేదో చెప్పేవాళ్లు లేరు. చివరికి ఫోన్ చేసింది.

నంబరు చూసి సల్మే హడలిపోయింది. "ఎవరు పోయారే?"

"ఎవరూ పోలేదక్కా. నీ గుండె ఎలా ఉంది?"

"అయితే నేనని తెలుసన్నమాట."

"తెలుసు. మరి నీకు?"

"పొద్దున లేస్తే వాన గురించి ఏడ్చేది నువ్వు కాక ఇంకెవరే? మాత్రలిచ్చారు. ఇప్పట్లో చావనులే."

హెల్వె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆదివారం బస్సెక్కి రా," అంది సల్మే. "ఇక్కడా ఆవిరి గది ఉంది. పొయ్యి మాత్రం నేనే రాజేస్తా."

హెల్వె నవ్వబోయి ఏడ్చేసింది.

ఆదివారానికి గూడు మళ్లీ తెరుచుకుంది. చూడ్డానికి ఇద్దరికీ తీరిక దొరకలేదు.