నేను బాగు చేసిన టెలిఫోను

మా ఇంటి టెలిఫోనును నేను ఒక్కసారే బాగు చేశాను. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ నా చేత గోడకు మేకు కూడా కొట్టించలేదు. వాళ్ల తప్పేమీ లేదు, జరిగింది వింటే మీరూ కొట్టించరు. నవ్వొచ్చిన చోట మొహమాటం లేకుండా నవ్వండి. నాకు మాత్రం సగం దాకానే నవ్వొస్తుంది.

అవి యుద్ధం రోజులు. చిత్తూరులో మా నాయనకు బెల్లం మండీ ఉండేది. ధరలు కనుక్కోవడానికని ఇంట్లో టెలిఫోను పెట్టించాడు. గోడకు కొయ్యపెట్టె, పక్కన తిప్పే పిడి, పైన రెండు గంటలు. పెట్టె కింద నుంచి ఒక రాగి తీగ గోడ వెంబడే పెరట్లోకి పోయి, తులసికోట మొదట్లో పాతిన ఇనుప కమ్మీకి చుట్టుకుని ఉండేది. మా అవ్వ భక్తి కొద్దీ ఆ కమ్మీ పాతించిందని నా నమ్మకం. నేనప్పుడే వేలూరు కాలేజీలో రెండో దండయాత్రకు ఇంటర్మీడియట్ గట్టెక్కి వచ్చాను. ఫిజిక్సులో సరిగ్గా పాసు మార్కులు. పాసు మార్కుల వాడికుండే ధైర్యం ఫస్టు క్లాసు వాడికి ఉండదు, కావాలంటే గమనించండి.

ఆ వేసవిలో పాత పెట్టె తీసేసి కొత్తది బిగించడానికి లైన్‌మన్ దావీదు వచ్చాడు. పెద్దవాడు, నెమ్మదస్తుడు. పెట్టె బిగించి తీగ కలపబోతుంటే నేను అడ్డం పడ్డాను.

"పెట్టె కొత్తది పెట్టి మూఢనమ్మకం పాతదే ఉంచుతావా దావీదూ? తులసమ్మకు తీగెందుకు?"

"తీగ కొన తడినేలలో ఉంటేనే మాట పోతాది సామీ. రోజూ నీళ్లు పడే సోటు ఈ ఇంట్లో అదొకటే. అవ్వను అడిగే పాతినా."

"భూమి యాడైనా భూమే. పెరటి గోడ కాడ పాతు."

"ఆడంతా గరుసు నేల, తడి నిలవదు."

"నేను ఫిజిక్సు సదివినా."

దావీదు కమ్మీ పెరికి, గోడ దగ్గర గుంత తవ్వి పాతి, రెండు కడవల నీళ్లు పోశాడు. "రోజూ పోయించండి సామీ" అని చెప్పి వెళ్లాడు. ఆ సాయంత్రం కొత్త పెట్టె బ్రహ్మాండంగా పలికింది. నా ప్రతిభ గురించి వీధంతా చెప్పుకొచ్చాను. నీళ్లు పోయమన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు, చెబితే సైన్సు పరువు పోతుందని.

తర్వాత నాయన సరుకు పనిమీద సేలం పోయాడు. పది రోజులు ఆ ఫోను ముట్టే పని ఎవరికీ పడలేదు. అప్పుడు చిన్నాయన జాబు వచ్చింది. చిన్నాయనంటే మా నాయన తమ్ముడు మునిరత్నం, అవ్వకు కడగొట్టు బిడ్డ, పటాలంలో చేరి రెండేళ్లయింది. ఓడెక్కించడానికి మద్రాసు తెచ్చారని, ఇంటికొచ్చేందుకు సెలవివ్వలేదని, ఆదివారం పొద్దున పది గంటలకు ట్రంకు కాల్ వేస్తానని, అమ్మ గొంతు ఒక్కసారి వినాలనుందని రాశాడు.

ఆదివారం ఎనిమిదింటికే అవ్వ తలంటుకుని, పెట్టె ముందు పీట వేసుకుని కూర్చుంది.

"నేను వానికి కనపడతానేమిరా చెంగా?"

"కనపడవవ్వా. మాటొకటే."

"అయినా ఉండనీ" అని కొంగు సర్దుకుంది.

పదింటికి గంట మోగింది. మోగిందనడం ఎక్కువ, దగ్గిందంటే సరి. తీసి చెవికి పెట్టుకుంటే పెనం మీద నీళ్లు చల్లినట్టు చుర్రుమంది.

"చిన్నాయనా, నేను చెంగల్రాయుణ్ణి. వినపడతా ఉండాదా?"

చుర్రు.

"ఏమంటా ఉండాడురా?" అంది అవ్వ.

దావీదు పోసిన రెండు కడవలూ అప్పుడు గుర్తొచ్చాయి. ట్రంకు కాల్ మూడే నిమిషాలు. "అమ్మా, తీగ కాడ నీళ్లు పొయ్యి" అని కేక వేశాను. మా అమ్మ బిందె ఎత్తుకుని పరుగెత్తి, ఏళ్ల అలవాటు కొద్దీ తులసికోటలో పోసి వచ్చింది. తులసి బాగానే తడిసింది.

"ఆడ కాదమ్మా, గోడ కాడ" అని వెనక్కి అరిచి, మళ్లీ పెట్టెలోకి అరిచాను. "పెట్టెయ్యొద్దు చిన్నాయనా. నేల ఎండిపోయిండాది. ఇప్పుడే తడుస్తాది."

అవ్వ చెయ్యి చాచింది. ఏమీ వినబడటం లేదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. "ఉండాడవ్వా, మాట్లాడు" అని ఇచ్చాను.

"రత్నం, సంగటి దొరకతా ఉండాదా ఆడ? ఓడలో అంచున నిలబడొద్దు నాయనా, తల తిరగతాది." పక్కలో పడుకున్న బిడ్డకు చెప్పినట్టు మెల్లగా చెప్పింది. కాసేపు ఆగి నా వైపు తిరిగింది. "ఏమీ అనడేమిరా?"

"ఏడస్తా ఉంటాడవ్వా."

"ఏడవొద్దు నాయనా" అంది అవ్వ చుర్రుమనే ఆ పెట్టెతో. అంతలో టక్కుమని అదీ ఆగిపోయింది. ఏడస్తా ఉంటాడని అబద్ధం చెప్పినందుకు నా మీద నాకు ఇవాళ్టికీ అసహ్యమే.

నెల తర్వాత ఓడ దిగిన చోటి నుంచి నా పేరున జాబు వచ్చింది. "చెంగా, నువ్వు అరిసిన అరుపంతా వినపడినాది. ఆ తర్వాత అమ్మ ఏందో అనింది, ఒక్క మాటా తెలియలే. ఏమనిందో రాసి పంపు." అవ్వకు నేను వేరేగా చదివి వినిపించాను. నీ మాటలన్నీ వినపడినాయంట అన్నాను. ఆమె వారం రోజులు ఆ సంగతే అందరికీ చెప్పుకుంది.

సంగటి గురించి, ఓడ అంచు గురించి ఒక్క మాట వదలకుండా చిన్నాయనకు రాశాను. ఆ కవరు విప్పకుండానే తిరిగొచ్చింది. దాని వెనకే పటాలం వాళ్ల తంతి వచ్చింది.

తల్లి గొంతు వినాలనుకున్న మనిషి ఇంటి నుంచి చివరగా విన్నది, నేల ఎండిపోయిందని నేను వేసిన కేక.

కాబట్టి ముక్కోటి దేవతల సాక్షిగా, చదివే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ పెట్టెనూ బాగు చేయను. ఎవరింట్లో ఫోను మోగినా, ఆ ఇంట్లో అందరికంటే మెల్లగా మాట్లాడే మనిషి చేతికిచ్చి, నోరు మూసుకుని పక్కన నిలబడతాను.