మా కిటికీ పక్కన ఆగిన కారు

పక్కింటి అత్తయ్యగారు పోయారని బందరు నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "ఎప్పుడు?" అని అడిగాను. "సరే, వస్తాం" అన్నాను. సగంలో ఉన్న బెండకాయలు తరగడం పూర్తి చేశాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

ఆవిడ మాకు చుట్టం కాదు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. అవనిగడ్డలో మా పక్కింట్లో ఒక్కరే ఉండేవారు. ఎక్కడికీ వెళ్ళని రోజు కూడా పొద్దున్నే కారు స్టార్ట్ చేసి కాసేపు ఉంచేవారు. "వాడకపోతే బ్యాటరీ చచ్చిపోద్దమ్మా" అనేవారు. ఎవరైనా కంగారుగా వస్తే, "ముందు కూర్చో, తర్వాత చెప్పు" అనేవారు.

తుఫాను వెళ్ళిన ఉదయం నేనూ అలాగే పరిగెత్తాను. ఊపిరితిత్తులు దెబ్బతిని నాన్న ఆక్సిజన్ మెషిన్ మీద ఉన్నారు. కరెంటు లేదు. ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోవచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్దామంటే చెట్లు పడి బందరు రోడ్డు మూసుకుపోయింది. ఆ రోజు ఆవిడ నన్ను కూర్చోమనలేదు. కారు తాళాలు తీసుకున్నారు.

పొగ ఇంట్లోకి రాకుండా వెనకభాగం వీధివైపు ఉంచి, కారుని మా కిటికీ దగ్గర ఆపారు. వీధి చివరి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, కారు బ్యాటరీ నుంచి మా ఇన్వర్టర్‌కి లావుపాటి వైర్లు వేయించారు.

"పనిచేస్తుందాండీ?" అన్నాను.

"నాకూ తెలీదమ్మా. ప్రార్థన చేశాను, ఇప్పుడు చూద్దాం."

ఇంజను మోత పెరిగింది. లోపల మెషిన్ ఆగకుండా నడిచింది. కాసేపటికి నాన్న కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగారు.

ఆవిడ సీటు దిగలేదు. నేను తెచ్చిన ఉప్మా అక్కడే తిన్నారు. పెట్రోలు తగ్గితే వీధిలోవాళ్ళు బైకుల్లోంచి తీసి సీసాల్లో తెచ్చారు. ఫోన్లు చార్జింగ్ పెట్టుకుంటామని వచ్చినవాళ్ళతో, "ముందు అన్నయ్యగారి ఊపిరి. మీ ఫోన్లు తర్వాత" అన్నారు.

నిన్న సమాధి దగ్గర నాన్న నా భుజం పట్టుకుని నిలబడి మట్టి వేశారు. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నేను ఆయన చేతికంటిన మట్టి దులిపాను.

తుఫాను వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం కరెంటు వచ్చిందని చెప్పడానికి బయటికి వెళ్ళాను. ఆవిడ స్టీరింగ్ మీద చేతులుంచి, గడ్డం గుండెకి ఆనించి నిద్రపోతున్నారు. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. తెరిచి ఉన్న కారు కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పాను. ఇంజను ఆగింది. ఆవిడకి మెలకువ రాలేదు. వీధంతా నిశ్శబ్దం. సన్నగా ఆవిడ గురక ఒక్కటే.