మూడో కుషన్

పన్నెండేళ్లుగా ఒక్క పాయింటు మోస్తున్నాను. ఒక పాయింటు ఎంత బరువుంటుందో నన్నడిగితే చెబుతాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు. మీకే చెబుతున్నాను.

త్రీ కుషన్ బిలియర్డ్స్ నా బతుకు. మూడు బంతుల ఆట. నా బంతి మిగతా రెండింటినీ తాకాలి. అయితే రెండోదాన్ని తాకేలోపు బల్ల అంచును, అంటే కుషన్‌ను, మూడుసార్లు కొట్టి ఉండాలి. ఈ ఆట నాకు నేర్పింది గోల్‌మురిలో మా వీధి అప్పలరాజు మావ. రేకుల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి సైకిల్ మీద తిన్నగా క్లబ్బుకే వచ్చేవాడు. అక్కడ ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. అనుమానం వస్తే కొట్టినవాడే చెప్పాలి, అతని మాటే చెల్లుతుంది.

విదేశంలో పోటీకి ఒక్కరినే పంపుతారు. ఆ ఒక్కరెవరో మా క్లబ్బులోనే తేలాలి. చివరికి మావా నేనూ మిగిలాం. ఆయనకు యాభై ఎనిమిది, మళ్లీ అవకాశం రాదు. ఇద్దరికీ ఒక్క పాయింటే కావాలి. అబ్బ, ఏం ఆట అది! జనం కుర్చీలెక్కి నిలబడ్డారు. కొట్టాను. ఒకటి, రెండు... మూడో కుషన్‌కు వెంట్రుకవాసి దూరంలో దూసుకుపోయి రెండో బంతిని, ఎర్రదాన్ని, తాకింది. నేనొక్కణ్ణే చూశాను.

అంపైర్ తేల్చలేకపోయాడు. మావ కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఏటిరా, మూడోది తగిలిందేటి? నాకు ఆననేదు. నువ్వే సెప్పు."

"తగిలింది మావా."

"అయితే బస్! గెలిసీసినావు!"

నన్ను ఎత్తుకున్నంత పని చేశాడు.

ఉత్సాహంలో నోరు జారానా? చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. కాదు. తగల్లేదంటే వంతు ఆయనది. బంతులు ఎలా ఆగాయో చూశాను, ఆయన కళ్లు మూసుకుని కొట్టేయగలడు. అది చూసుకున్నాకే అబద్ధమాడాను. సిగ్గులేని మాట, ఆ కేకలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. తర్వాత ఎన్ని దేశాలు తిరిగానో! కప్పుతో వచ్చిన ప్రతిసారీ స్టేషన్‌లో దండ పట్టుకుని ముందు నిలబడేది మావే.

ఇప్పుడాయనకు చూపు ఆనదు. ఆదివారం భాలుబాసాలో మా కొత్త ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుంటాడు. నా పాత ఆట వస్తుంటే ఏ బంతి ఎటు పోయిందో నన్నే చెప్పమంటాడు. ఏం చెప్పినా నమ్ముతాడు.

ఆయనతో ఎప్పటికైనా చెబుతానా? ఏమో. క్షమించమనడానికి ముఖం లేదు. కానీ ఆ పాయింటు నాది కాదు. బంతి తగల్లేదు. హమ్మయ్య, అనేశాను.